ఆ గొంతు ఎవరిది? ఊరి వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు ఒక బహిరంగ లేఖ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరి పేరుతో, వార్డు పేరుతో, పొదుపు సంఘం పేరుతో, పదో తరగతి బ్యాచ్ పేరుతో వాట్సాప్ గ్రూపులు నడుపుతున్న అడ్మిన్లందరికీ నమస్కారాలు.

నేనూ మీలో ఒకణ్ణే. మాది కలిగిరి మండలంలో ఒక పల్లె. బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. రిటైరైన ఏడాదే మా మేనల్లుడు "మామా, నువ్వయితే అందరూ మాట వింటారు" అని నన్ను మా ఊరి గ్రూపుకి అడ్మిన్‌ని చేసి, తను బెంగళూరు బస్సెక్కాడు. గ్రూపులో ఆరు వందల పైచిలుకు మంది. ట్యాంకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఎవరి గేదె తప్పిపోయింది, ఎవరి పెద్దకర్మ ఎప్పుడు, ఇవీ మా వార్తలు. పొద్దున్నే గులాబీ పూలు, శుభోదయాలు ఒక నలభై. వాటిని ఆపడం ఏ అడ్మిన్ వల్లా కాదనుకోండి.

ఈ లేఖను మొదట కలెక్టరు గారికి రాద్దామనుకున్నాను. సగం రాశాను కూడా. రాస్తూ రాస్తూ ఉంటే, నేను అడుగుతున్న పని కలెక్టరు చేతిలో లేదనీ, మన చేతిలోనే ఉందనీ తెలిసొచ్చింది. అందుకే ఆ కాగితం పక్కన పెట్టి మీకు రాస్తున్నాను.

జరిగింది చెప్తాను. మా ఊళ్లో ఒకావిడ పొదుపు సంఘానికి లీడరు. పేరు రాయను, ఆమె పడ్డది చాలు. రేపు పంచాయతీ ఎన్నికలొస్తే వార్డు మెంబరుగా నిలబడాలని ఆమె ఆలోచన. ఒకరోజు రాత్రి తొమ్మిది దాటాక గ్రూపులో ఒక ఆడియో పడింది. నలభై సెకన్లు ఉంటుంది. గొంతు ఆమెదే. కాలనీవాళ్ల గురించి ఎవరితోనో మాట్లాడుతోంది. "వాళ్లదేముంది, తలా ఐదొందలు పడేస్తే వాళ్లే వస్తున్నారు" అని ఒక నవ్వు. ఆ నవ్వు కూడా ఆమెదే.

మంచం మీద పడుకుని విన్నాను. ఛీ, ఈమె కూడా ఇంతేనా అనిపించింది. అనిపించి ఊరుకున్నానా? కావలిలో ఉన్న మా బామ్మర్దికి పంపాను. మా పాత టీచర్ల గ్రూపులో పెట్టాను. "చూశారా మన లీడర్లు" అని కింద ఒక ముక్క కూడా తగిలించాను. ముప్పై ఐదేళ్లపాటు పిల్లలకు "విన్నదంతా నమ్మొద్దురా" అని చెప్పిన నోరే ఇది.

తెల్లారేసరికి కాలనీ నుంచి యాభై అరవై మంది ఆమె ఇంటి ముందున్నారు. ఆమె అప్పటిదాకా ఆ ఆడియో విననే లేదు. కంగారులో ఫోన్ తీసుకుని "ఇది నేను మాట్లాడలేదు, నా బిడ్డల మీద ఒట్టు" అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. దానికి కింద ఎవరో కుర్రాడు "ఇది కూడా ఏఐ ఏమో" అని నవ్వు బొమ్మలు పెట్టాడు. మధ్యాహ్నం నేను వాళ్లింటికి పోయేసరికి ఆమె వసారాలో కూర్చుని ఉంది. నన్ను చూసి అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నా గొంతు నాదేనని చెప్పేదానికి ఇంకెవురి గొంతు తెచ్చుకోవాల సారూ?"

నా దగ్గర జవాబు లేదు.

దాని గుట్టు విప్పింది ఒక ముసలామె. ఆమెకు డెబ్బై ఏళ్లు. 1991లో నేను కుర్ర పంతులుగా ఉన్నప్పుడు రాత్రి బడిలో లాంతరు ముందు కూర్చుని నా దగ్గర అక్షరాలు దిద్దిన మనిషి. మనవడి ఫోన్లో ఆ ఆడియో రెండు సార్లు విని, "ఇది మన పిల్ల మాట కాదబ్బయా" అనేసింది. ఎట్ట చెప్తావమ్మా అంటే, "మన ఆడోళ్లెవురన్నా 'వస్తున్నారు' అంటారా? 'వస్తా ఉండారు' అంటారు గానీ. ఇది టీవీలో పిల్ల మాట్లాడినట్టుండాది" అంది. మళ్లీ విన్నాం. నిజమే. గొంతు ఆమెది, తెలుగు మాత్రం నెల్లూరు జిల్లాది కాదు. ఆమె సంఘం గ్రూపులో పెట్టిన పాత వాయిస్ మెసేజులన్నీ తీసి కాలనీవాళ్లకు వినిపించాం. "రేపు కంతు కట్టాల, మర్చిపోబాకండి", "బ్యాంకు మేనేజరు వస్తా ఉండాడు, అందరూ రండి". ప్రతి దాంట్లో అదే యాస. కొందరు ఒప్పుకున్నారు. కొందరు ఒప్పుకున్నట్టు తల ఊపి వెళ్లారు.

మన యాస ఈసారికి కాపాడింది. వచ్చేసారి కాపాడుతుందని నాకు నమ్మకం లేదు. కంప్యూటరు చదువు చదివిన మా మేనల్లుడిని అడిగితే సంగతి విడమరిచి చెప్పాడు. ఒక మనిషి గొంతును నకలు తీయడానికి ఒకప్పుడు గంటల కొద్దీ రికార్డింగ్ కావాల్సి వచ్చేదట. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మూడు సెకన్ల నమూనా చాలని చూపించారు. వేలమంది గొంతులు ముందే విని నేర్చుకున్న యంత్రానికి కొత్త గొంతులో ఆ బరువు, ఆ జీర, ఆ ఊపిరి ఎలా ఉన్నాయో పట్టుకోవడానికి ఆ కాస్త సరిపోతుంది. ఆ తర్వాత మనం ఏ వాక్యం టైపు చేస్తే ఆ వాక్యం ఆ గొంతుతో చదువుతుంది. వాక్యం రాసిన పిల్లాడు "వస్తున్నారు" అని రాశాడు గనుక అది "వస్తున్నారు" అంది. కాస్త తెలివైనవాడు "వస్తా ఉండారు" అని టైపు చేస్తే? ఆ ముసలామె కూడా నమ్మేది.

మరి ఆ మూడు సెకన్లు ఎక్కడ దొరుకుతాయి? మన గ్రూపుల్లోనే. కంతు కట్టమని గుర్తు చేసిన పాపానికి ఆమె గొంతు దొంగ చేతిలో పడింది.

ఫిర్యాదు ఇచ్చాం. కాగితం తీసుకున్నారు. మొదట పెట్టింది ఎవరో ఈ రోజుకీ తేలలేదు. మా గ్రూపులో పెట్టినతను ఇంకో గ్రూపు నుంచి తెచ్చానన్నాడు, ఆ గ్రూపతను ఇంకోటి చూపించాడు. వాట్సాప్‌లో పంపినవాడికీ అందుకున్నవాడికీ తప్ప మధ్యలో ఎవరికీ కనపడకుండా తాళం ఉంటుంది. మొదట పంపినవాడు ఎవరో చెప్పే ఏర్పాటు ఉండాలని కేంద్రం 2021 ఐటీ నిబంధనల్లో రాస్తే, వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు ఎక్కింది. తాళం పగలగొట్టమంటే ఇండియా వదిలి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్లో కోర్టులో చెప్పింది కూడా. నాకైతే ఇందులో ఎవరి పక్షం పట్టాలో తెలియదు. ఆ తాళం లేకపోతే నా మాటలన్నీ ఎవరో వింటారు. ఉంటే ఆ దొంగ దొరకడు.

ఇలాంటివి బయటి దేశాల్లో పెద్దవాళ్లకు జరిగితే పేపర్లో వస్తాయి. 2023 సెప్టెంబరు 30న స్లొవేకియాలో ఎన్నికలు జరిగాయి. సరిగ్గా రెండు రోజుల ముందు ఒక ప్రతిపక్ష నాయకుడు, ఒక జర్నలిస్టు కలిసి ఓట్లు ఎలా గోల్‌మాల్ చెయ్యాలో మాట్లాడుకుంటున్నట్టు ఆడియో బయటికొచ్చింది. అది నకిలీ. కానీ ప్రచారం ఆగిపోయిన రోజులవి, టీవీలూ పార్టీలూ నోరు కట్టుకోవాల్సిన రోజులు. అబద్ధం మాట్లాడుతోంది, జవాబు చెప్పాల్సినవాళ్లకు మాట్లాడే వీల్లేదు. ఆ సమయాన్ని ఎంచుకోవడంలోనే ఉంది వాళ్ల తెలివంతా. 2024 జనవరిలో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో అప్పటి అధ్యక్షుడు బైడెన్ గొంతుతో ఓటర్లకు ఫోన్లు వచ్చాయి, ఈసారి ఓటెయ్యకుండా దాచుకోండి అని. అక్కడ దాన్ని చేయించినవాణ్ణి పట్టుకున్నారు, 60 లక్షల డాలర్ల జరిమానా వేశారు. బైడెన్ గొంతు కాబట్టి పట్టుకున్నారు అని మా బామ్మర్ది అంటాడు. మా వార్డు మెంబరు గొంతు కోసం ఎవరు వెతుకుతారు?

చేసేవాడు ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడని కూడా అనుకోకండి. 2023 నవంబరులో నటి రష్మిక ముఖం ఇంకో అమ్మాయి ఒంటికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది గుర్తుందా? రెండు నెలల తర్వాత ఢిల్లీ పోలీసులు వెతుక్కుంటూ వచ్చి అరెస్టు చేసింది మన పక్కనున్న గుంటూరు జిల్లా కుర్రాణ్ణి. ఇంజనీరింగ్ చదివిన పిల్లాడు. ఆమె అభిమానుల పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట! కుట్ర లేదు, పార్టీ లేదు. ఫాలోవర్ల కోసం అంత పని చేసేవాడు, సర్పంచి ఎన్నికలో పందెం కట్టినవాడు ఐదు వేలిస్తే చెయ్యడా?

నా అసలు భయం ఇక్కడే ఉంది. 2024 మే 6న, మన రాష్ట్రంలో పోలింగుకు సరిగ్గా వారం ముందు, కేంద్ర ఎన్నికల సంఘం పార్టీలకు ఒక ఆదేశం ఇచ్చింది. నకిలీ వీడియో, ఆడియో తమ దృష్టికి వస్తే మూడు గంటల్లో తీసెయ్యాలని. మంచిదే. కానీ అది పార్టీలకు, వాటి అధికారిక ఖాతాలకు చెప్పిన మాట. పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. వాటిని జరిపేది కూడా కేంద్ర సంఘం కాదు, రాజ్యాంగం 243-కె అధికరణం కింద ఏర్పడిన రాష్ట్ర ఎన్నికల సంఘం. పైగా ఎంపీ ఎన్నికలో ఒక నకిలీ ఆడియో వస్తే అది లక్షల ఓట్లలో ఒక చుక్క. ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్లు తెల్లారేలోపు దాన్ని ఉతికి ఆరేస్తారు. మా వార్డులో ఓట్లు రెండు వందలు దాటవు. 2021 ఫిబ్రవరిలో మా పక్క వార్డు తొమ్మిది ఓట్లతో తేలింది. తొమ్మిది ఓట్లంటే రెండిళ్లు. ఆ రెండిళ్లవాళ్లు ఆ రాత్రి ఒక ఆడియో విని మనసు మార్చుకుంటే చాలు. ఆ ఆడియో హైదరాబాదులో ఏ ఫ్యాక్ట్‌చెక్ సంస్థకూ చేరదు, చేరినా ఆ వార్డు మెంబరు ఎవరో వాళ్లకు తెలియదు. టీవీలో రాదు. పోలింగ్ అయిపోయాక నిజం తెలిసినా ఐదేళ్లు అంతే.

పుకార్లు మనకు కొత్తా అని మీరు అడగొచ్చు. కొత్తేం కాదు. 1979లో స్కైలాబ్ అనే అమెరికా అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని, ఎట్లాగూ చస్తాం కదా అని ఊళ్లకు ఊళ్లు కోళ్లు కోసుకు తిన్నాయి. నేనప్పుడు ఇంటరు చదువుతున్నాను. మా నాయన కూడా మా పుంజును కోయించాడు. జులై 11న అది ఎక్కడో హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ పడింది. మా అమ్మ ఆ పుంజు గురించి చచ్చేదాకా మా నాయన్ను దెప్పింది. తర్వాత కొన్నేళ్లకు రాత్రిపూట దయ్యం తలుపు కొడుతుందని విని తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని బొగ్గుతో రాసుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పుకార్లకు ఊళ్లో ఏ ఒక్క మనిషి మీదా పగ లేదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్లలో వచ్చినప్పుడు మాత్రం నవ్వు లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దారినపోయే బిచ్చగాళ్లను, మతి స్థిమితం లేనివాళ్లను పట్టుకుని కొట్టారు. ఆ జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఐదుగురిని చంపేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒక్కసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టింది.

మన జిల్లా సంగతే తీసుకోండి. 2021 మేలో కరోనాకు ఆనందయ్య ఇచ్చే నాటు మందు కోసం కృష్ణపట్నం రోడ్డు మీద జనం ఎట్ట కమ్ముకున్నారో చూశాం. ఆ మందు మంచిదా చెడ్డదా అన్న వాదన నాకొద్దు, మా ఇంట్లోనే రెండు పక్షాలున్నాయి. నేను గమనించింది ఒకటే. కంట్లో చుక్కలు వేసుకున్నాక లేచి కూర్చున్నానని ఒక పెద్దాయన చెప్పిన వీడియో నాకు పదకొండు గ్రూపుల నుంచి వచ్చింది. కొన్నాళ్లకే ఆయన ఆస్పత్రిలో పోయారన్న వార్త ఒక్క గ్రూపులో వచ్చింది. ఆ వీడియోలో కల్తీ లేదు, ఆయన తను అనుకున్నదే చెప్పారు. అయినా సగం కథే తిరిగింది. కల్తీ లేని వీడియోకే ఇంత బలముంటే కల్తీదాని సంగతి ఏమిటి? అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు ట్విట్టర్లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన లక్షా 26 వేల కథనాలను లెక్క తీస్తే, 1,500 మందికి చేరడానికి నిజమైన కథనానికి అబద్ధం కంటే దాదాపు ఆరు రెట్ల సమయం పట్టిందని తేలింది. మా గ్రూపులో కొలిస్తే ఇంకా ఎక్కువే వస్తుందని నా అనుమానం.

ఇప్పుడు ఒక్క నిమిషం మిమ్మల్ని వెనక్కి తీసుకుపోతాను. మా కలిగిరి మండలంలోనే దూబగుంట ఉంది. సారా ఉద్యమం అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చే ఊరు. అక్షరాస్యత కోసం రాత్రి బళ్లు పెట్టి, వాచకంలో సీతమ్మ కథ చదివించాం. ఆ కథలో ఆడవాళ్లు సారా కొట్టు మూయిస్తారు. చదువుతున్న ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. దూబగుంటలో రోశమ్మ లాంటివాళ్లు నిజంగానే మూయించారు. ఆ ఊరి కథ మళ్లీ పాఠమై ఇంకో ఊరికి పోయింది. ఆ ఊరివాళ్లూ మూయించారు. 1992 నాటికి జిల్లా అంతా అదే మాట. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమయ్యింది. ఇప్పటి కుర్రవాళ్ల మాటలో చెప్పాలంటే ఒక కథ వైరల్ అయ్యింది. ఫోన్ లేదు, బళ్లో పలక ఉంది.

అప్పుడు కూడా పక్క ఊళ్లవాళ్లకు అనుమానాలు వచ్చాయి. "ఊరికే రాస్తారులే, ఆడోళ్లు సారా కొట్టు మూయించడమేంది" అన్నవాళ్లున్నారు. నా దగ్గర చదువుకున్న ఆడవాళ్లు ఇద్దరు ఒక ఆదివారం నడిచిపోయి దూబగుంట చూసొచ్చారు. వచ్చి రాత్రి బడిలో చెప్పారు. కొట్టు తలుపులు వేసి ఉండడం కళ్లారా చూశామని. వాళ్లలో ఒకామే మొన్న ఈ ఆడియో పట్టుకున్న ముసలామె. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పార్లమెంటు స్థాయి అబద్ధాన్ని తేల్చడానికి ల్యాబులు కావాలి. ఊరి అబద్ధాన్ని తేల్చడానికి రెండు వీధులు నడిస్తే చాలు. ఆ గొంతు ఎవరిదో ఆ మనిషి అక్కడే ఉంటుంది, గేదెకు గడ్డి వేస్తూనో పిల్లాడికి అన్నం పెడుతూనో. మనకు లేనిది ఆ నడిచే తీరిక. ఆడియో తొమ్మిదిన్నరకు పడితే, పదిలోపు నేను దాన్ని రెండు చోట్లకు పంపేశాను. ఆమె ఇల్లు మా ఇంటికి నాలుగు వందల గజాలు ఉండదు.

ఆ తీరికను ఇవ్వగలిగినవాళ్లం మనమే. అడ్మిన్ అంటే ఏమీ లేదులే, పూల బొమ్మల్ని భరించడమే అని చాలామంది అనుకుంటారు. ఎన్నికల కరపత్రం ఎప్పుడన్నా తిప్పి చూశారా? అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, వేయించినవాళ్ల పేరు ఉంటాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్ ప్రకారం అవి ఉండి తీరాలి, లేకపోతే ఆరు నెలల దాకా జైలు. నాలుగణాల కాగితానికి ఉన్న ఆ అడుగు గీత, ఆరు వందల మందికి ఒక్క దెబ్బన పోయే ఆడియోకు లేదు. ఆ ఖాళీలో ఉన్నది మన పేర్లే. సభ్యుడు పెట్టిన దానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చెయ్యలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. న్యాయమే, ఎవడో పెట్టిన దానికి నేను జైలుకెళ్లడమేంది? కానీ కోర్టు వదిలేసిందని మా ఊళ్లో ఆమె ఎదురుపడితే నేను తల ఎత్తి చూడగలనా?

మనకున్న మీటలు మూడు. ఏ సభ్యుడు పెట్టిన మెసేజైనా అందరి ఫోన్లలోంచీ తీసెయ్యగలం. అడ్మిన్లు తప్ప ఎవరూ ఏమీ పెట్టకుండా గ్రూపుకి తాళం వెయ్యగలం. కొత్తగా చేరేవాళ్లను మన అనుమతి లేకుండా రానివ్వకుండా చెయ్యగలం. సగం మంది అడ్మిన్లకు ఇవి ఎక్కడుంటాయో తెలియదు. నాకూ తెలియదు, మా మేనల్లుడు వీడియో కాల్‌లో చూపించాడు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఊళ్లో ఉన్న ఒక మనిషి గొంతో మొహమో ఉండి, ఆ మనిషిని గానీ ఒక కులాన్ని, ఒక వీధిని గానీ కించపరిచే ఆడియో, వీడియో పడితే గ్రూపుకి తాళం వెయ్యండి. గంట చాలు. "ఇది ఫలానా ఆమె గొంతులా ఉంది, అడిగి వచ్చి చెప్తాను" అని ఒక్క ముక్క రాయండి. లేచి చెప్పులేసుకుని పొండి. ఆమె నాది కాదంటే ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీరూ కనిపించేలా వీడియో తీసి అదే గ్రూపులో పెట్టండి. ఒంటరిగా ఆమె గొంతు పెడితే "ఇది కూడా ఏఐ" అంటారని చూశాం కదా. పక్కన ఊరివాళ్లు నలుగురుంటే ఆ మాట అనడం కష్టం. అబద్ధం ఎన్ని గ్రూపులకు పోయిందో అన్ని గ్రూపుల అడ్మిన్లకూ మీరే ఫోన్ చెయ్యండి. నేను మా టీచర్ల గ్రూపులో తప్పు ఒప్పుకుంటూ రాశాను. ఒకాయన "పర్లేదులే సార్, ఆమె అలాంటిదే" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు తెలిసింది, తీసేసిన ఆడియో ఫోన్లోంచి పోతుంది గానీ తలలోంచి పోదని.

ఇంకో చిన్న సంగతి. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు వస్తుంది, చూసే ఉంటారు. ఆ గుర్తు లేదు కాబట్టి సొంత మెసేజే అనుకోవద్దు. ఫైలు దాచుకుని మళ్లీ కొత్తగా పెడితే ఆ బాణాలు మాయం. మా గ్రూపులో పడిన ఆడియోకు బాణాలు లేవు. కాస్త పెద్ద స్థాయివైతే, నాయకుల వీడియోల లాంటివి, పరీక్షించి చెప్పడానికి 2024 మార్చిలో డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ అని వాట్సాప్‌లోనే ఒక టిప్‌లైన్, అంటే అనుమానం ఉన్నవాటిని పంపి అడిగే నంబరు, మొదలైంది, తెలుగులో కూడా పంపొచ్చు. ప్రభుత్వ పథకం పేరుతో వచ్చేవాటి దగ్గర మరీ జాగ్రత్త. 2025 జనవరి నుంచి మన మిత్ర పేరుతో ప్రభుత్వ సేవలే వాట్సాప్‌లోకి వచ్చాయి. మంచి సౌకర్యం, నేనూ వాడుకున్నాను. అయితే దానివల్ల మా ఊళ్లో చాలామందికి వాట్సాప్‌లో వచ్చిన ప్రతిదీ గవర్నమెంటు కాగితం లాగే కనపడుతోంది.

ఇక్కడ మీకు ఒక చేదు మాట చెప్పాలి. మన అడ్మిన్లలో ఏ పార్టీకీ చెందనివాళ్లు ఎంతమంది? నిజం చెప్పుకుందాం. గ్రూపు పెట్టిందే సగం చోట్ల పార్టీ కుర్రాళ్లు. అలాంటి చేతుల్లో ఈ మీటలు పెడితే రోడ్డు బాగాలేదని ఫోటో పెట్టినవాడి మెసేజ్ కూడా "ఫేక్" అని మాయమవుతుంది. అందుకే తీసెయ్యడం కంటే ఆపి అడగడమే నయం అంటున్నాను. తన గురించి వచ్చిన వార్త నిజమో అబద్ధమో తేల్చే యూనిట్ ఒకటి పెట్టుకోవాలని కేంద్రం 2023లో నిబంధన తెస్తే, బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో దాన్ని కొట్టేసింది. అంత పెద్ద ప్రభుత్వానికే ఆ పెత్తనం కూడదన్నారు, ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకున్న మనకు ఎట్ట ఇస్తారు? ఏది తీసినా ఎందుకు తీశామో గ్రూపులో రాయాలి. ఇద్దరు అడ్మిన్లుంటే ఒకరు ఆ పక్షం, ఒకరు ఈ పక్షం ఉండాలి. ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఇలాంటి ఆడియోలూ ఫోటోలూ ముందు వాళ్ల మీదే వస్తాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నకిలీలు ఉన్నాయని అందరికీ తెలిసిపోయాక, నిజంగా తప్పు చేసినవాడికి ఒక దారి దొరుకుతుంది. లంచం అడుగుతూ దొరికినవాడు "అది నా గొంతు కాదు, ఏఐ" అనేస్తాడు. రేపు మన ఊళ్లో ఉపాధి హామీ మస్టర్లలో దొంగ పేర్ల గురించి ఎవరో మాట్లాడిన అసలు రికార్డింగు బయటపడిందనుకోండి, ఆ పెద్దమనిషి మొదట అనే మాట అదే. ఆమె గొంతు నకిలీ అని తేల్చడానికి మనం ఎంత తిరిగామో, ఆయన గొంతు అసలుదని తేల్చడానికీ అంతే తిరగాలి. ఆ ఓపిక మా ఊళ్లో ఉంటుందా అంటే గ్యారంటీ ఇవ్వలేను. నేను కూడా అప్పుడే టెన్షన్ పడుతున్నాను, ఎందుకంటే ఆ పెద్దమనిషి మా బంధువే కావచ్చు.

మా గ్రూపులో ఈ పద్ధతి పెట్టి రెండు నెలలైంది. మొదటి వారమే ముగ్గురు "ఇదేం బడి కాదు" అని గ్రూపు వదిలిపోయారు. వాళ్లలో ఒకాయన నీళ్ల ట్యాంకు టైము తెలియక నాలుగో రోజు తిరిగొచ్చాడు. రెండుసార్లు తాళం వేశాను. మొదటిసారి వీడియో ఎక్కడో వేరే రాష్ట్రంది, మా చెరువు కట్ట తెగిందని పెట్టారు. నేను కట్ట దాకా పోయి, గట్టు మీద నిలబడి ఫోటో తీసి పెట్టాను. రెండోసారి నాదే తప్పు. ఒకతను తన సొంత పొలం గొడవ గురించి నిజమే మాట్లాడాడు, నేను తొందరపడి తాళం వేశాను. సారీ చెప్పాను. అతను ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడం లేదు.

ఆ సంఘం లీడరు ఇంకా పోటీ చెయ్యాలా వద్దా అని ఊగులాడుతోంది. ఇంట్లోవాళ్లు వద్దంటున్నారు. సంఘం గ్రూపులో ఆమె వాయిస్ మెసేజులు పెట్టడం మానేసింది. కంతు కట్టమని చెప్పడానికి ఇప్పుడు సాయంత్రాలు ఇంటింటికీ తిరుగుతోంది.

మండలంలో ఉన్న అడ్మిన్లందరం ఒకసారి కూర్చుందామని నా కోరిక. వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి, మేం ఒకప్పుడు రాత్రి బడి నడిపిన ఆ పాత బడి ఆవరణలోనే. పక్క మండలాలవాళ్లు, ప్రకాశం వైపు నుంచి వచ్చేవాళ్లు కూడా రావచ్చు. ఆ ముసలామె వస్తానంది, ఆడియో ఎట్ట పట్టుకుందో తనే చెప్తుంది. టీ మాది. ఛార్జర్లు మీరు తెచ్చుకోండి, బడిలో ప్లగ్గు పాయింటు ఒకటే ఉంది.

ఇట్లు
మీ తోటి అడ్మిన్,
ఒక రిటైర్డ్ బడిపంతులు,
కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా